అనంతపురపు పేటలు – చెరువు, వంక, జనము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గుత్తిదుర్గమును గూర్చియో, పెనుగొండ వైభవమును గూర్చియో వ్రాయుదునని వారు తలంచియుందురు. ఆ విషయములను పెద్దలు పలువురు వ్రాసియే యున్నారు. కాని అనంతపురమునకు బోయినప్పుడెల్ల మనము బస్సు దిగి నడచు పేటలకు చరిత్ర వ్రాసినవారు అరుదు. రుద్రంపేట, పాపంపేట, నారాయణపురము, కక్కలపల్లి – ఈ పేరులు వినని చదువరి మనలో నుండడు. ఒకరికి అచ్చట కూతురి కాపురము. ఒకరికి పిల్లల చదువునకై తీసికొన్న అద్దెగది. మఱియొకరికి కక్కలపల్లి టమోటా మండీలో రావలసిన బాకీ. కోట లేదు, శాసనము లేదు గనుక ఈ పేటలకు చరిత్ర లేదనుట సరికాదు. వీని చరిత్ర నీటితో ముడివడి యున్నది.

మా తండ్రిగారి కరిణీకము 1984లో ప్రభుత్వము ఆ పదవులనే రద్దుచేయుటతో ముగిసినది. నేను ఊరి పద్దులు వ్రాయుచు కాలము గడపుచున్నాను. కావున కథకంటె ముందు లెక్క చెప్పుట నాకు అలవాటు. 2022లో విభజన జరుగుటకు ముందున్న అనంతపురము జిల్లా విస్తీర్ణము 19,130 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణనలో ఆ జిల్లా జనసంఖ్య 40,81,148. అనగా చదరపు కిలోమీటరునకు 213 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు సగటు 308. నేల విశాలము, జనము పలుచన. ఇది జిల్లా మాట. ఇక పట్టణపు మాట చూడుడు. అదే జనగణనలో అనంతపురము నగరపు హద్దులలోని జనము 2,61,004. హద్దులకు వెలుపల నంటియున్న పేటలతో కలిపి 3,40,613. తీసివేయగా వెలుపలివారే డెబ్బదితొమ్మిది వేల ఆఱువందలకు పైబడిరి. 1901లో అనంతపురము పట్టణపు మొత్తము జనసంఖ్య 7,938 మాత్రమే. నూటపదేండ్ల క్రిందటి ఊరువంటి ఊళ్లు పది నేడు ఊరి వెలుపలనే యున్నవన్నమాట.

ఇంత విశాలమైన సీమలో ఇంత ఇరుకేల? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న మనము చెరువుకట్ట ఎక్కవలెను.

పండమేరునకు అడ్డముగా 1364వ సంవత్సరమున మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్పవొడయరు ఒక మహాతటాకమును కట్టించెను. కట్టకు ఆ కొనను ఈ కొనను రెండూళ్లు వెలసినవి. ఒకదానికి రాజు పేర బుక్కరాయసముద్రమనియు, రెండవదానికి రాణి పేర అనంతసాగరమనియు నామకరణము చేసిరని చెప్పుదురు. ఆ రెండవదే నేటి అనంతపురము. ఈ రెండూళ్లలో దేనికిని వేరుగా పుట్టుక లేదు. రెండును ఒక్క చెరువు బిడ్డలు. తరువాతి కాలమున ఒకటి జిల్లాకు ముఖ్యపట్టణమై, రెండవది దానికి పొరుగూరుగా మిగిలినది. పేరునకు మాత్రము రాజుది అదియే!

ఆ కాలమున చెరువు కట్టించుట సామాన్య కార్యము గాదు. సప్తసంతానములలో తటాకమును చేర్చిన దేశము మనది. భారతమున సభాపర్వమందు నారదుడు ధర్మరాజును కుశల మడుగుచు, నీ రాజ్యమున చెరువులు నిండియున్నవా, వ్యవసాయము వానదేవుని దయమీదనే ఆధారపడి లేదుగదా యని ప్రశ్నించును. ఆముక్తమాల్యదలో రాయలు సైతము, దేశము చిన్నదైనను చెరువులు కాలువలు త్రవ్వించి పేదరైతునకు అరివెలితి కల్పించిన రాజునకు ధనమును ధర్మమును వృద్ధియగునని రాజనీతి చెప్పెను. మన చెరువు పుట్టిన యైదేండ్లకు, అనగా 1369లో, కడపసీమలోని పోరుమామిళ్లయందు బుక్కరాయల కుమారుడు భాస్కరరాయడు మఱియొక చెరువు కట్టించి దానికి అనంతరాజసాగరమని పేరిడెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము దానికి పట్టినవని అచ్చటి శాసనము చెప్పుచున్నది. ఆ శాసనములో నన్ను మిక్కిలి ఆకర్షించినది వేఱొకటి. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అది పేర్కొన్నది. నీరు స్వల్పమై నేల విస్తారమగుట ఒక దోషము. నేల స్వల్పమై నీరు అధికమగుట మఱియొక దోషము. ఆఱువందల యేండ్ల క్రిందటివారికి తెలిసిన ఈ రెండు దోషములను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. వీనితో మనకు ముందు పనియున్నది.

చెరువు కట్టినంత మాత్రమున నీరు మన మాట వినునా? కట్ట తెగనున్నవేళ ఊరిని కాపాడుటకై బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండిలో దూకి ప్రాణములర్పించెనను కథను ఎఱుగనివారు మన ప్రాంతమున లేరు. బ్రౌనుదొర అచ్చువేయించిన అనంతపుర చరిత్రమునుండి ఈ కథను గ్రహించి కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో ముసలమ్మ మరణమను కావ్యము వ్రాసిరి. అప్పటికి వారి వయస్సు పందొమ్మిదేండ్లు. ఆ కావ్యమును తెలుగు చదివినవారు నవ్యకవిత్వమునకు నాందిగా ఎంచుదురు. కట్టమీద టెంకాయ కొట్టు మన స్త్రీలకు ఆ చర్చతో పనిలేదు. వారు ముసలమ్మను ఇంటి ఆడపడుచువలె తలంచుకొందురు. కథలో దైవమహిమను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. నా దృష్టికి దానిలో ఒక చారిత్రక సత్యము కలదు. ఈ కరవుసీమలో ఊరిని ముంచునది కరవొక్కటే కాదు. ఏండ్ల తరబడి రాని నీరు ఒక్క రాత్రి వచ్చి ముంచును. పూర్వులు ఆ భయమును కథగా చేసి తరతరములకు అందించిరి.

విజయనగరము పడిపోయిన పిదప ఈ సీమ హండె వంశపు నాయకుల చేతిలో నుండెను. అందుచేతనే హండె అనంతపురమను పేరు. మరాఠాల దాడులు, హైదరు, టిప్పుల ఏలుబడి దాటి 1800లో నిజాము ఈ మండలములను కుంపిణీవారికి దత్తము చేసెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో దొర కొంతకాలము అనంతపురమున నివసించి భూములను కొలిపించెను. 1882లో బళ్లారినుండి వేఱై అనంతపురము జిల్లా ఏర్పడెను. కచేరీలు వచ్చెను. కచేరీల వెంట వకీళ్లు, వకీళ్ల వెంట కక్షిదారులు, కక్షిదారుల వెంట పూటకూళ్ల యిండ్లు వచ్చెను. పిదప రైలు వచ్చెను. 1916లో దత్తమండల కళాశాల, స్వాతంత్ర్యము వచ్చిన దినములలో ఇంజనీరింగు కళాశాల, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వెలసెను. ఇవియన్నియు పట్టణమునకు జనమును పిలిచినవి.

పిలిచిన జనముకంటె తోలబడిన జనము ఎక్కువ. ఏడాదికి అయిదువందల యేబది మిల్లీమీటర్లకు అటునిటు వాన కురియు పీఠభూమి ఇది. నైరృతి వానలను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు సముద్రతీరముననే తమ బలము పోగొట్టుకొనును. చెరువుల క్రింది వరి, మెట్టన కొఱ్ఱ, జొన్న, ఆరిక పండించిన సీమ క్రమముగా వేరుసెనగనే నమ్ముకొన్నది. ఒక్క పైరును నమ్ముకొన్నవానికి ఒక్క వాన తప్పినచో ఇల్లు తప్పును. తరువాత బోర్లు వచ్చెను. బావిలో నీరు తగ్గిన రైతు బోరు వేసెను. బోరు ఎండగా దాని ప్రక్కన మఱియొక బోరు వేసెను. అప్పు మాత్రము ఎండలేదు. కొందఱు బెంగళూరు చేరిరి. ఊరికి మఱీ దూరము పోలేనివారు, పొలము మీద ఆశ చావనివారు, అనంతపురము అంచున ఆగిరి.

పట్టణము నడుమ స్థలము కొనుట వారి తరము గాదు. పొలిమేర దాటినచో ధర తగ్గును, పన్ను తగ్గును. ఈ విధముగా పేట పెరిగినది. పూర్వము పేట యనగా కోటకు వెలుపలి అంగడివీధి. కోటలో ప్రభువు, పేటలో వర్తకుడు, నేతగాడు. కోటకు పేట లేనిది గడవదు. అయినను యుద్ధము వచ్చినప్పుడు తలుపు మూయబడునది కోటకే. నేటి పేటకును ఆ లక్షణము పోలేదు. 2005లో అనంతపురము మునిసిపాలిటి నగరపాలక సంస్థ ఆయెను. 2011 జనగణన నాటికిని ఈ పేటలు దాని హద్దులకు వెలుపలనే యుండెను. జనము పట్టణపు జనము. పరిపాలన పల్లె పంచాయతీది. వేయిగడపల ఊరికి చాలు దీపములు, చాలు కాలువలు పదివేల గడపలకు చాలునా? పంచాయతీవారిని నిందించి ప్రయోజనము లేదు. పెద్ద కుటుంబమునకు చిన్నకుండలో వండుమన్నచో వంటలక్క యేమిచేయగలదు?

ఆ యిరుకు సందులను హేళనచేయుట నా ఉద్దేశము గాదు. రెండు సెంట్ల స్థలములో క్రింద ఇల్లుగలవాడు, మీద అద్దెవాడు, మెట్ల క్రింద కుట్టుమిషను. తెల్లవారకముందే బేల్దారి పనికి పోవువారు, వారికంటె ముందు లేచి నీళ్లబండి కొఱకు బిందెలు వరుసపెట్టు ఆడవారు. ఇంట ఒక్కరైనను డిగ్రీ చదువుచున్న బిడ్డ. తన యూరిలో ఒకరి గడపలోనికి ఒకరు అడుగుపెట్టని కులములవారు ఇచ్చట గోడకు గోడ ఆనించి బ్రతుకుచున్నారు. ఇది చిన్న విషయము గాదు. పల్లెలోని మనము పేటవారిని చూచి జాలిపడుట కలదు. మన పిల్లలను చదివించుచున్నది ఆ పేటలోని గదియే యని మఱువరాదు.

ఇక వంక మాట. రుద్రంపేట ప్రక్కగా వచ్చి పట్టణము నడుమ పాఱునది గనుక దానికి నడిమివంక యని పేరు. పేరులోనే ఉనికి యున్నది. ఏడాదిలో పదకొండు నెలలు అది ఎండి చెత్తతో నిండియుండును. కరవు సీమనుండి వచ్చినవానికి ఎండిన వంక ఖాళీస్థలమువలె కన్పడుటలో వింతలేదు. గట్టున ఒక గోడ లేచినది, ఆ గోడకు మఱియొక గోడ తోడైనది, చివరకు వంక మురుగుకాలువంత ఆయెను. 2022 అక్టోబరులో మీది చెరువులు నిండి మరువలు పాఱగా ఆ వంక తన పాత వెడల్పును తాను అడిగినది. రుద్రంపేటతోపాటు దాని గట్టునున్న కాలనీలు నీట మునిగినవి. జనము మిద్దెలెక్కి కూర్చుండిరి. పడవలు తెచ్చి వారిని దింపవలసి వచ్చెను. అనంతపురములో పడవ! మా తాతగారితో ఈ మాట చెప్పినచో పరిహాసమని తలంచెడివారు. రెండేండ్లు తిరుగగానే, 2024 అక్టోబరులో, పండమేరు పొంగి పట్టణపు అంచునున్న పేదల కాలనీలను ముంచెను. గింజలు, సర్టిఫికెట్లు, కుట్టుమిషన్లు బురదపాలైనవి.

పోరుమామిళ్ల శాసనములోని రెండు దోషములను ఇప్పుడు జ్ఞాపకమునకు తెచ్చుకొనుడు. నేల విస్తారమై నీరు స్వల్పమైన దోషము రైతును ఊరినుండి వెడలగొట్టినది. నేల స్వల్పమై నీరు అధికమైన దోషము పేటలో అతనికొఱకు కాచియున్నది. ఒక్క మనుష్యుడే ఒక్క జన్మలో రెండింటికి చిక్కుచున్నాడు. తప్పు గుడిసె వేసికొన్నవానిదందురు కొందఱు. నే నట్లనజాలను. ఆ స్థలమును గీతలు గీచి ప్లాట్లుగా అమ్మినవాడు చదువుకొన్నవాడు. కొన్నవాడు తరచుగా చదువులేనివాడు. పాత రెవెన్యూ లెక్కలలో వంక పోరంబోకు అను మాటకు ప్రత్యేకమైన గడి యున్నది. డైగ్లాటును తిరుగవేసిన ఏ కరణమునకైనను ఏ సర్వే నంబరున నీరు పాఱునో వ్రేలితో చూపుటకు నిముసము పట్టదు. నీరుగంటి లెక్క వేఱు. అతనికి పుస్తకమే అక్కఱలేదు. ఏ మరువ పాఱిన నీరు ఎన్ని గడియలకు ఏ తూమునకు చేరునో అతని నోట నుండెడిది. ఆ పదవులలో దోషము లనేకము లుండెను. వానిని మరల తెమ్మని నేనడుగుటలేదు. ఆ పదవులతోపాటు ఆ తెలివియు పోవుట నాకు కష్టముగా తోచుచున్నది.

ఈ ముంపు రేపు మన యూరి అంచునకును రాగలదు. రహదారి ప్రక్కన పొలములకు అప్పుడే తెల్లరాళ్లు పాతుచున్నారు. మన వాగులు వంకలు ఎన్ని, వాని పేరులేవి, వెడల్పెంత, ఏ చెరువు మరువ ఏ వంకలో కలియును – ఇది చెప్పగల వృద్ధులు మన యూర నలుగురైదుగురు మాత్రమే మిగిలియున్నారు. సాయంకాలము పత్రిక చదువుటకు వచ్చు యువకులు వారియొద్ద కూర్చుండి ఆ పేరులను వ్రాసికొని రావలెనని కోరుచున్నాను. ఇండ్ల అటకలమీద పాత అడంగళ్లు, పటములు, శిస్తు రసీదులు ఉన్నవారు చెదలకు వదలక నకలు తీయించి యిత్తురుగాక. గ్రంథాలయములో పురాణముల బీరువా క్రింది అర ఖాళీగా నున్నది. దానిని ఇందులకే కేటాయించుటకు కార్యవర్గమువారు ఒప్పుకొన్నారు. మా యింటనున్న డైగ్లాటు నకలును మొదట నేనే తెచ్చి పెట్టుచున్నాను.