కుర్చీలు ఖాళీగా దొరికిన రోజు: 1983లో లాయర్లు, డాక్టర్లు, లెక్చరర్లు అసెంబ్లీకి ఎలా వెళ్లారు

మా తాతయ్యకి ఒకప్పుడు మైక్ సెట్టు ఉండేది. రెండు గొట్టాలు, ఒక ఆంప్లిఫయర్, ఒక కారు బ్యాటరీ. అమలాపురం దగ్గర మా ఊళ్లో పెళ్లయినా, శ్రీరామనవమి పందిరయినా ఆయన్నే పిలిచేవారు. రాజకీయాలతో ఆయనకి ఉన్న సంబంధమల్లా మీటింగుకి మైకు అద్దెకివ్వడం, తర్వాత ఆ డబ్బుల కోసం నాలుగు నెలలు తిరగడం. అలాంటి మనిషి 1982లో ఒక రాత్రి రోడ్డు పక్కన నిలబడి ఒక వ్యాను కోసం ఎదురుచూశాడు. సాయంత్రం ఆరుకి వస్తుందన్నది అర్ధరాత్రి రెండింటికి వచ్చింది. జనం కదల్లేదట. తెల్లారాక ఇంటికొచ్చి మా నాయనమ్మతో, "ఈసారి అద్దె తీసుకోను" అన్నాడట. మా ఇంట్లో రాజకీయాలు మొదలైంది ఆ మాటతోనే.

ఆ వ్యాను పేరు చైతన్య రథం. పాత షెవర్లే బండి. నడిపింది హరికృష్ణ, పైన నిలబడి మాట్లాడింది ఆయన తండ్రి ఎన్టీ రామారావు. ఈ కథ సినిమాల్లో, రీల్స్‌లో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ఖాకీ బట్టలు, రోడ్డు పక్క స్నానం, బండిలోనే నిద్ర. అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను బండి మీద ఉన్నాయన గురించి తక్కువ, కింద నిలబడి విన్నవాళ్ల గురించి ఎక్కువ చెబుతాను. ఆ విన్నవాళ్లలో కొందరు కొన్ని నెలల్లోనే ఎమ్మెల్యేలయ్యారు. అది ఎలా జరిగింది?

"ఎన్టీఆర్ గ్లామర్ అండీ" అనేస్తారు. అది సగమే నిజం. ముందు అప్పటి పరిస్థితి చూడండి. 1978 నుంచి 1983 మొదటి వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. నలుగురూ కాంగ్రెస్ వాళ్లే, ఎవరుండాలో, ఎవరు దిగిపోవాలో తేల్చింది ఢిల్లీ. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో స్వాగత హడావుడి ఎక్కువైందని రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యని అందరి ముందూ కసురుకున్న సంగతి ఊరూరా చెప్పుకున్నారు. ముఖ్యమంత్రికే ఆ గతి అయితే, టికెట్ కావాలనుకునే ఒక కుర్ర లాయరు ఎక్కడ నిలబడాలి? ఆ పార్టీలో టికెట్ అంటే పైన ఒక పెద్దాయన, ఆయనపైన ఇంకో పెద్దాయన, ఆ పైన ఢిల్లీ రైలు.

1982 మార్చి 29న హైదరాబాద్‌లో కొత్త ఎమ్మెల్యే క్వార్టర్స్ దగ్గర తెలుగుదేశం పేరు ప్రకటించారు. 1983 జనవరి 5న పోలింగ్. మధ్యలో ఉన్నవి తొమ్మిది నెలలే. అసెంబ్లీలో సీట్లు 294. దాదాపు అన్నిటికీ మనుషులు కావాలి. కొత్త పార్టీకి సిట్టింగ్ ఎమ్మెల్యేలు ఉండరు కదా, "ఈ సీటు మా నాన్నది" అనే హక్కుదారులూ తక్కువే. నాదెండ్ల భాస్కరరావు లాంటి అనుభవజ్ఞులు కొందరు కాంగ్రెస్ నుంచి వచ్చారు. వాళ్లని పక్కన పెడితే చాలా చోట్ల కుర్చీ ఖాళీ. గ్లామర్ జనాన్ని రోడ్డు మీదికి తెచ్చింది, నిజమే. కానీ ఆ జనంలోంచి కొందరిని అసెంబ్లీ దాకా తీసుకెళ్లింది ఈ ఖాళీయే అని నాకనిపిస్తుంది. చదువుకున్నవాళ్లకి, యువకులకి, వెనుకబడిన కులాలవాళ్లకి, ఆడవాళ్లకి టికెట్లిస్తానని ఆయన అనగలిగారంటే, ఇవ్వడానికి చేతిలో ఖాళీలు ఉన్నాయి కాబట్టే.

ఇంకో చిన్న విషయం. పిలిచిన మనిషి కూడా ఒకప్పుడు ఉద్యోగం వదిలినవాడే. బీఏ చదివి, సబ్ రిజిస్ట్రార్‌గా చేరి, కొన్ని వారాలకే మానేసి సినిమాల్లోకి వెళ్లారు. అప్పట్లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం అంటే మీ ఇంట్లో ఇప్పుడు అమెరికా వీసా లాంటిది! అలాంటి మనిషి అరవైకి దగ్గర పడ్డాక మళ్లీ ఉన్నదంతా వదిలి రోడ్డెక్కితే, చూస్తున్న ముప్పై ఏళ్లవాడికి ఏమనిపిస్తుంది?

అలా వచ్చినవాళ్లలో కొందరిని చూద్దాం. నరసరావుపేటలో కోడెల శివప్రసాదరావు సర్జన్. వారణాసిలో ఎం.ఎస్. చేసి వచ్చి ప్రాక్టీసు పెట్టుకున్నారు. 1983లో గెలిచి, అక్కడి నుంచి వరుసగా ఐదుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. తునిలో యనమల రామకృష్ణుడు లాయరు. చిత్తూరు జిల్లా పుత్తూరులో గాలి ముద్దుకృష్ణమనాయుడు, లెక్చరర్‌గా పనిచేసిన మనిషి. శ్రీకాకుళం జిల్లా హరిశ్చంద్రపురంలో కింజరాపు ఎర్రన్నాయుడు, లా చదివిన కుర్రాడు. నర్సీపట్నంలో చింతకాయల అయ్యన్నపాత్రుడు. చివరి ఇద్దరికీ అప్పటికి పాతికేళ్లు. మన రాజ్యాంగం ప్రకారం ఎమ్మెల్యే కావడానికి కనీస వయసు ఎంత? పాతికే. అంటే గేటు తీయగానే లోపలికి అడుగుపెట్టినవాళ్లన్నమాట.

అందరూ ఏమీ లేనివాళ్లే వచ్చారంటే మాత్రం అబద్ధం. ఎచ్చెర్ల నుంచి చిన్న వయసులోనే గెలిచిన ప్రతిభాభారతి తండ్రి అంతకుముందే ఎమ్మెల్యేగా, తర్వాత హైకోర్టు జడ్జిగా పనిచేసినవారు. పొలాలు, మిల్లులు ఉన్నవాళ్లకీ టికెట్లు బాగానే దొరికాయి. అందరూ గెలిచారనీ కాదు. సిద్దిపేటలో కల్వకుంట్ల చంద్రశేఖరరావు అనే యువకుడు మదన్‌మోహన్ మీద వెయ్యి లోపు ఓట్లతో ఓడిపోయాడు. రెండేళ్లకి అదే సీటులో గెలిచాడు. తర్వాత కథ మీకు తెలిసిందే.

ఫలితాల్లో తెలుగుదేశానికి 200 పైచిలుకు సీట్లు, కాంగ్రెస్‌కి 60. జనవరి 9న ప్రమాణ స్వీకారం రాజ్‌భవన్‌లో కాదు, లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య జరిగింది. మా తాతయ్య వెళ్లాలనుకున్నాడు. సంక్రాంతి ముందు రోజులు కదా, పందిళ్ల పని వదులుకోలేక ఆగిపోయాడు.

గెలవడం వరకు గాలి అనుకోవచ్చు. అసలు పరీక్ష 1984 ఆగస్టులో వచ్చింది. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన రెండు రోజులకే, ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని తీసేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇప్పుడు మనం 'పార్టీ ఫిరాయింపుల చట్టం' అంటుంటాం కదా, అది వచ్చింది 1985లో. 1984 ఆగస్టులో అది లేదు. ఎమ్మెల్యే అటు దూకినా పదవి పోదు. పైగా వీళ్లలో చాలామంది సభకి కొత్త, వచ్చి పంతొమ్మిది నెలలే అయింది. ఒకపక్క అధికారం, మంత్రి పదవుల ఆశ. ఇంకోపక్క ఆపరేషన్ కుట్లు ఆరని ఒక పెద్దాయన. బుద్ధిమంతుడైన బంధువు ఎవరైనా ఏ సలహా ఇస్తాడో ఊహించండి.

ఎక్కువమంది కదల్లేదు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు వాళ్లని నిలబెట్టారు. తర్వాత వాళ్లని కాపాడుకోవడానికి రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకకి తరలించారు. రిసార్ట్ రాజకీయాలని ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, ఇల్లూ ప్రాక్టీసూ వదిలి వారాల తరబడి అక్కడ కూర్చున్న కొత్త ఎమ్మెల్యేకి అది పిక్నిక్ కాదు. ఇక్కడేమో ఊళ్లలో బందులు, ఊరేగింపులు. మా తాతయ్య మైకు నెల రోజులు ఒక్క పెళ్లికీ పోలేదట. చివరికి గవర్నర్ మారారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మొత్తం కథలో నాకు బాగా నచ్చే నెల ఇదే. ఒక మనిషిని చూసి వచ్చినవాళ్లు, ఆ మనిషి బలహీనంగా ఉన్నప్పుడు ఆయన్ని నిలబెట్టారు.

ఈ తలుపు అసెంబ్లీ దగ్గరే ఆగలేదు. 1984 జనవరిలో వంశపారంపర్యంగా వస్తున్న కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవుల్ని రద్దు చేశారు. తర్వాత పాత సమితుల స్థానంలో 1,104 మండలాలు వచ్చాయి. 1987 స్థానిక ఎన్నికల్లో బీసీలకి 20 శాతం, మహిళలకి 9 శాతం రిజర్వేషన్. ఆ ఎన్నికల్లో మా తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్తుకి అధ్యక్షుడైన మనిషి జి.ఎం.సి. బాలయోగి. యెదుర్లంకలో పుట్టిన దళిత కుర్రాడు, కాకినాడలో లాయరు, మెజిస్ట్రేట్ ఉద్యోగం వచ్చినా వదిలేసుకున్నవాడు. పదకొండేళ్ల తర్వాత, 1998లో, లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. యానాం వైపు వెళ్తే గోదావరి మీద ఆయన పేరుతో వంతెన కనిపిస్తుంది.

ఆ ఊపులోనే మా తాతయ్య కూడా పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డాడు. సర్పంచ్‌గా కాదండోయ్, వార్డు మెంబరుగా. పదకొండు ఓట్లతో గెలిచాడు. ఐదేళ్లలో ఆయన చేయించిన పని ఒక్కటే, మా వీధి చివర పంట బోదె మీద ఒక తూము. దాని కోసం సంతకాలకి తిరిగిన తిరుగుడుకి సైకిల్ టైర్లు రెండుసార్లు మార్చానని ఇప్పటికీ చెబుతాడు. తూము ఇప్పటికీ ఉంది. ట్రాక్టర్లు దాని మీంచే పోతాయి.

ఇక రెండో సగం. దీన్ని చాలామంది చెప్పరు, లేదా ఇదొక్కటే చెబుతారు. ఒక మనిషిని చూసి వచ్చినవాళ్ల చిక్కు ఏమిటంటే, ఆ మనిషి మూడ్ మారితే వాళ్ల గతీ మారుతుంది. 1989 ఫిబ్రవరిలో, బడ్జెట్ వివరాలు ముందే బయటికొచ్చాయన్న గొడవలో, ఎన్టీఆర్ మంత్రివర్గం మొత్తాన్ని ఒక్కసారిగా తీసేశారు. 1984లో ఆయన కోసం నిలబడ్డవాళ్లూ అందులో ఉన్నారు. ఢిల్లీలో ఒకరు నిర్ణయిస్తే తప్పన్నవాళ్లు హైదరాబాద్‌లో ఒకరు నిర్ణయిస్తే చప్పట్లు కొట్టాలా? ఈ ప్రశ్న ఆ రోజుల్లో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. ఆ ఏడాది చివర్లో పార్టీ ఓడిపోయింది.

1994లో మళ్లీ 200 దాటి గెలిచారు. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబునాయుడి వైపు వెళ్లిపోయారు. లక్ష్మీపార్వతి జోక్యం భరించలేకపోయామన్నది వాళ్ల మాట. వెన్నుపోటు అన్నది ఎన్టీఆర్ మాట. ఎవరిది న్యాయమో ఈ వీడియోలో నేను తేల్చను, మీ ఇంట్లోనే ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. నన్ను ఆపేది ఒక్క దృశ్యం. అప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది 1983లో తుని నుంచి వచ్చిన ఆ లాయరు, యనమల. కొత్త ప్రభుత్వం బలం నిరూపించుకున్న రోజున ఎన్టీఆర్‌కి సభలో మాట్లాడే అవకాశం దొరకలేదు. నాలుగు నెలలు దాటాక, 1996 జనవరి 18న ఆయన చనిపోయారు. తాతయ్య ఆ గొడవలో అటూ పోలేదు, ఇటూ పోలేదు. మైకు మళ్లీ పెళ్లిళ్లకే.

పోయిన ఎండాకాలం ఊరెళ్లినప్పుడు 2024లో గెలిచినవాళ్ల లిస్టు ఫోన్లో పెట్టి ఆయనకి చదివి వినిపించాను. కళ్లు సరిగ్గా ఆనవు, చెవులు మాత్రం చురుకు. నేను పేరు చదవడం, ఆయన తండ్రి పేరు చెప్పడం. శ్రీకాకుళం ఎంపీ, రామ్మోహన్‌నాయుడు అన్నాను. "ఎర్రన్నాయుడి కొడుకు." తుని, యనమల దివ్య. "రామకృష్ణుడి కూతురు." నగరి, గాలి భానుప్రకాశ్. "ముద్దుకృష్ణమ కొడుకు." మన అమలాపురం ఎంపీ, హరీష్ మాథుర్. "అది కూడా నన్నే అడుగుతావేంట్రా, బాలయోగి గారబ్బాయి." నర్సీపట్నం అనగానే, "అయ్యన్నపాత్రుడే కదా, ఇంకా ఆయనేనా?" అని నవ్వాడు.

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "మైకు సెట్టోడి కొడుకులెవరన్నా ఉన్నారేమో చూడరా" అన్నాడు.

నేను కిందికి స్క్రోల్ చేస్తూ కూర్చున్నాను.