వెబ్‌సైట్‌లో వార్త ఉన్నా సెర్చ్‌లో దొరకట్లేదా? కారణాలు ఇవే.. ప్లగిన్‌ను ఇలా సెట్ చేసుకోండి

సైట్‌లో వార్త ఉంది. నిన్ననే పబ్లిష్ అయింది. కానీ సెర్చ్ బాక్స్‌లో ఆ వార్తలోని మాటే టైప్ చేస్తే 'నో రిజల్ట్స్' అని వస్తుంది. మొబైల్‌లో చూసేవాళ్లు రెండోసారి ప్రయత్నించరు, వెంటనే బయటికి వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి కష్టపడి పెట్టిన వార్తలు, వీడియోలు ఉండీ లేనట్టే అయిపోతాయి. సొంతంగా న్యూస్ సైట్, వీడియో సైట్ నడుపుతున్న చాలామందికి ఎదురయ్యే సమస్య ఇది. చాలా సందర్భాల్లో కొత్త ప్లగిన్ కొనాల్సిన పని కూడా ఉండదు. ఉన్న సెట్టింగ్స్‌ను తెలుగుకు తగ్గట్టు మార్చుకుంటే చాలు. వర్డ్‌ప్రెస్ సైట్లలో బాగా వాడే 'రెలెవన్సీ' సెర్చ్ ప్లగిన్ ఉదాహరణతో ఆ వివరాలు చూద్దాం.

డిఫాల్ట్ సెర్చ్ ఎలా పనిచేస్తుంది?

వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ లేకపోయినా సెర్చ్ ఉంటుంది. టైప్ చేసిన మాటలు హెడ్‌లైన్‌లో, వార్తలో, సారాంశంలో ఉన్నాయేమో అది నేరుగా డేటాబేస్‌లో వెతుకుతుంది. అన్ని మాటలూ ఉన్న పోస్టులనే చూపిస్తుంది. ఒక్క మాట తేడా వచ్చినా ఆ పోస్టు రాదు. ట్యాగ్ పేర్లు, కామెంట్లు, కస్టమ్ ఫీల్డ్స్‌లో ఉన్న సమాచారం జోలికి ఇది వెళ్లదు. 2013 అక్టోబర్‌లో వచ్చిన 3.7 వెర్షన్ వరకు రిజల్ట్స్ తేదీ ప్రకారమే వచ్చేవి. ఆ వెర్షన్ నుంచే హెడ్‌లైన్‌లో మాట ఉన్న పోస్టులకు ప్రాధాన్యం ఇవ్వడం మొదలైంది.

ప్లగిన్ పెడితే ఏం మారుతుంది?

ఫిన్లాండ్‌కు చెందిన డెవలపర్ మిక్కో సారీ తయారు చేసిన రెలెవన్సీ లక్షకు పైగా సైట్లలో నడుస్తోంది. ఫ్రీ వెర్షన్, ప్రీమియం వెర్షన్ రెండూ ఉన్నాయి. ఇక్కడ చెప్పుకునే సెట్టింగ్స్ అన్నీ ఫ్రీ వెర్షన్‌లోనే దొరుకుతాయి.

ఇది ప్రతి పోస్టునూ మాటలుగా విడగొట్టి, విడిగా ఒక ఇండెక్స్ తయారు చేసుకుంటుంది. పుస్తకం చివర పదాల పట్టిక ఉంటుంది కదా, అలాంటిదే. ఎవరైనా సెర్చ్ చేస్తే ఆ పట్టికలోనే చూస్తుంది. అంటే ఇండెక్స్‌లోకి ఎక్కని మాట, వార్తలో ఎన్నిసార్లు ఉన్నా సెర్చ్‌లో దొరకదు. సమస్య ఎక్కడుందో వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన అసలు పాయింట్ ఇదే.

రిజల్ట్స్ రావట్లేదా? ఈ వరుసలో చెక్ చేయండి

1. ఇండెక్స్ కట్టారా?
ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ చేస్తే సరిపోదు. సెట్టింగ్స్‌లో ఇండెక్సింగ్ ట్యాబ్‌కు వెళ్లి 'బిల్డ్ ది ఇండెక్స్' బటన్ నొక్కాలి. ఆ తర్వాత పబ్లిష్ చేసే పోస్టులు వాటంతట అవే ఇండెక్స్‌లో చేరతాయి. పాత సైట్ నుంచి పోస్టులను నేరుగా డేటాబేస్‌లోకి ఎక్కిస్తే మాత్రం మళ్లీ ఇండెక్స్ కట్టాల్సిందే.

2. వీడియోలకు టిక్ పెట్టారా?
చాలా థీమ్స్‌లో వీడియోలు, ఫొటో గ్యాలరీలు, వెబ్ స్టోరీలు విడి పోస్ట్ టైప్‌లుగా ఉంటాయి. ఇండెక్సింగ్ ట్యాబ్‌లో వాటికి టిక్ లేకపోతే వార్తలు వస్తాయి గానీ వీడియోలు రావు. టిక్ పెట్టాక ఇండెక్స్ మళ్లీ కట్టాలి.

3. సెర్చ్ అసలు ప్లగిన్ దాకా వెళ్తోందా?
కొన్ని థీమ్స్, పేజ్ బిల్డర్లు సొంత సెర్చ్ వాడుకుంటాయి. అప్పుడు ప్లగిన్‌లో ఏం మార్చినా తేడా కనిపించదు. దీన్ని కనిపెట్టడం తేలిక. లాగింగ్ ట్యాబ్‌లో సెర్చ్ లాగ్ ఆన్ చేసి, సైట్‌లో ఏదో ఒక మాట వెతకండి. అది లాగ్‌లో కనిపించకపోతే సెర్చ్ ప్లగిన్ దాకా రావట్లేదని అర్థం. అప్పుడు సరిచేయాల్సింది థీమ్‌ను. టైప్ చేస్తుండగానే కింద రిజల్ట్స్ చూపించే లైవ్ సెర్చ్ బాక్సుల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తుంది.

4. ఆ ఒక్క పోస్టే రావట్లేదా?
డీబగ్గింగ్ ట్యాబ్‌లో పోస్ట్ ఐడీ నంబర్ ఇస్తే, ఆ పోస్టు నుంచి ఏయే మాటలు ఇండెక్స్‌లోకి వెళ్లాయో కనిపిస్తుంది. వెతికిన మాట ఆ లిస్టులో లేకపోతే లోపం ఇండెక్సింగ్‌లో ఉంది. లిస్టులో ఉండి కూడా రిజల్ట్స్‌లో రాకపోతే సెర్చింగ్ సెట్టింగ్స్ చూడాలి. గంటల తరబడి ఊహించుకునే బదులు ఈ ఒక్క చెక్‌తో సగం పని అయిపోతుంది.

5. ఇండెక్సింగ్ మధ్యలో ఆగిపోతోందా?
ఎక్కువసార్లు ఏదో ఒక షార్ట్‌కోడ్ వల్లే ఇలా జరుగుతుంది. 'ఎక్స్‌పాండ్ షార్ట్‌కోడ్స్' ఆప్షన్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ ఆగిపోతుంటే సర్వర్ మెమరీ లిమిట్ పెంచమని హోస్టింగ్ వాళ్లను అడగాలి.

తెలుగుకు మాత్రమే వచ్చే చిక్కులు

ఇంగ్లిష్ సైట్లకు రాని సమస్యలు తెలుగు సైట్లకు వస్తాయి. పైవన్నీ సరిగ్గా ఉన్నా సెర్చ్ పనిచేయట్లేదంటే కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

చిన్న మాటలు మాయం: ఇండెక్స్‌లోకి వెళ్లే మాటకు కనీస పొడవు డిఫాల్ట్‌గా 3 అక్షరాలు ఉంటుంది. కంప్యూటర్ లెక్కలో గుణింతం గుర్తు కూడా విడి అక్షరమే. అందుకే 'వాన' మూడు అక్షరాల కింద, 'రైతు' నాలుగు అక్షరాల కింద లెక్కకు వస్తాయి. కానీ 'ధర', 'కథ', 'ఏఐ' లాంటి మాటలు రెండే. వీటిని ప్లగిన్ ఇండెక్స్‌లో చేర్చదు, సెర్చ్‌లోనూ పట్టించుకోదు. 'బంగారం ధర' అని కొడితే 'బంగారం' ఒక్కటే వెతుకుతుంది. దాంతో నగల దుకాణంలో చోరీ వార్త కూడా వచ్చి కూర్చుంటుంది. 'ధర' అని మాత్రమే కొడితే ఏమీ రాదు. ఇండెక్సింగ్ ట్యాబ్‌లో కనీస పొడవును 2కు తగ్గించి, ఇండెక్స్ మళ్లీ కట్టండి.

ఒకే మాట, రెండు మూడు స్పెల్లింగ్‌లు: 'పింఛన్', 'పింఛను', 'పెన్షన్' అంటే చదివేవాళ్లకు ఒక్కటే. ప్లగిన్‌కు మాత్రం మూడూ వేర్వేరు. 'కార్డ్', 'కార్డు' కూడా అంతే. డెస్క్‌లో ఒకరు ఒకలా, ఇంకొకరు మరోలా రాస్తే సగం వార్తలు ఒక స్పెల్లింగ్‌కు, మిగతా సగం ఇంకో స్పెల్లింగ్‌కు దొరుకుతాయి. పథకం అర్హత వివరాల కోసం వెతికే పాఠకుడికి అసలైన వార్త కనిపించకుండా పోయేది ఇలాగే.

విభక్తులు, బహువచనాలు: 'రైతు' అని వెతికితే 'రైతులు', 'రైతులకు' ఉన్న వార్తలు కూడా రావాలి. సెర్చింగ్ ట్యాబ్‌లో 'హోల్ వర్డ్స్' అని ఉంటే రావు. 'పార్షియల్ వర్డ్స్' ఎంచుకుంటే, వెతికిన మాటతో మొదలయ్యే లేదా ముగిసే మాటలన్నీ వస్తాయి. అయినా ఒక చిక్కు మిగులుతుంది. 'వర్షం' బహువచనంలో 'వర్షాలు' అవుతుంది, సున్నా పోతుంది. కాబట్టి 'వర్షం' అని కొడితే 'వర్షాలు' దొరకదు. ఇలాంటి జంటలను సినోనిమ్స్‌లో చేర్చుకోవాలి.

కంటికి కనిపించని అక్షరం: 'ఇన్‌స్టాగ్రామ్' అని విడిగా కనిపించేలా రాయాలంటే 'న్' తర్వాత కనిపించని ఒక గుర్తు పడాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. డెస్క్‌లో ఆ గుర్తుతో టైప్ చేస్తారు. పాఠకులు ఫోన్‌లో ఆ గుర్తు లేకుండా 'ఇన్స్టాగ్రామ్' అని కొడతారు. రెండూ కలవకపోవచ్చు. ఇండెక్స్ కట్టేటప్పుడు, సెర్చ్ చేసేటప్పుడు రెండు చోట్లా ఈ గుర్తును తీసేసేలా డెవలపర్‌తో చిన్న కోడ్ రాయించుకోవచ్చు. మాటల్లోంచి విరామ చిహ్నాలు తొలగించే ఫిల్టర్ ప్లగిన్‌లో ముందే ఉంది, దానికి ఈ పనీ జోడిస్తే చాలు. ఒక్కచోటే తీసేస్తే మాత్రం సమస్య అలాగే ఉంటుంది.

పాత ఫాంట్లు, ఫొటోలు: యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్‌ను అలాగే పేస్ట్ చేస్తే, ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపించినా లోపల తెలుగు అక్షరాలు ఉండవు. యూనికోడ్‌కు మార్చుకోవాల్సిందే. ఫొటో మీద రాసిన టెక్స్ట్ కూడా సెర్చ్‌కు అందదు.

వీడియోలో చెప్పిన మాట సెర్చ్‌కు వినపడదు

వీడియో పోస్టుల్లో చాలాసార్లు హెడ్‌లైన్, వీడియో లింక్ తప్ప ఇంకేమీ ఉండవు. పది నిమిషాల వీడియోలో ఎన్ని విషయాలు చెప్పినా సెర్చ్‌కు దొరికేది ఆ హెడ్‌లైన్‌లోని నాలుగు మాటలే. ప్రతి వీడియో కింద మూడు నాలుగు వాక్యాల సారాంశం, ఊరి పేరు, వ్యక్తుల పేర్లు, పథకం పేరు రాస్తే సీన్ మారిపోతుంది. ట్యాగ్‌లను, కేటగిరీలను కూడా ఇండెక్స్ చేయించుకోవచ్చు. ఏ ప్లగిన్ పెట్టినా ఈ పని మనుషులే చేయాలి.

కస్టమైజ్ చేసుకోండిలా

సినోనిమ్స్: ఒక్కో లైన్‌లో ఒక్కో జంట రాయాలి. ఉదాహరణకు 'పెన్షన్ = పింఛన్'. ఇది ఒక వైపే పనిచేస్తుంది. పింఛన్ అని కొట్టినా పెన్షన్ వార్తలు రావాలంటే రెండో లైన్‌లో తిరగేసి రాయాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసేవాళ్ల కోసం ఆ స్పెల్లింగ్‌లు కూడా చేర్చొచ్చు. అన్ని మాటలూ ఉండాలనే 'అండ్' సెర్చ్ వాడుతుంటే, సినోనిమ్స్‌ను ఇండెక్స్‌లో చేర్చే ఆప్షన్ ఆన్ చేసి ఇండెక్స్ మళ్లీ కట్టాలి. లేకపోతే ఆ జంటలు పనిచేయవు.

అండ్, ఆర్: 'ఆర్' అయితే ఏ ఒక్క మాట ఉన్నా పోస్టు వస్తుంది, 'అండ్' అయితే అన్నీ ఉండాలి. వేల పోస్టులున్న న్యూస్ సైట్‌కు 'అండ్' నయం. దానికి ఏమీ దొరక్కపోతే 'ఆర్'తో మళ్లీ వెతికే సదుపాయం ప్లగిన్‌లో ఉంది, దాన్ని ఆపకండి.

వెయిట్స్: హెడ్‌లైన్‌లో ఉన్న మాటకు డిఫాల్ట్‌గా 5 రెట్లు విలువ ఉంటుంది. ఊరించే హెడ్‌లైన్లు ఎక్కువగా పెట్టే సైట్లలో అసలు విషయం లోపలే ఉంటుంది కాబట్టి దీన్ని కాస్త తగ్గించి చూడొచ్చు.

తేదీ వరుస: రిజల్ట్స్‌ను తేదీ ప్రకారం కూడా చూపించొచ్చు. తాజా వార్తలే ముఖ్యమైన సైట్‌కు ఇది పనికొస్తుంది. కానీ మాట ఒకచోట ఊరికే తగిలిన కొత్త వార్త, పూర్తి వివరాలున్న పాత వార్త కంటే పైకి వస్తుంది. పథకాలు, పరీక్షలు, ఆరోగ్యం లాంటి కథనాలు ఎక్కువగా ఉంటే రెలెవన్స్ వరుసే ఉంచుకోవడం మంచిది.

స్టాప్‌వర్డ్స్: కనీస పొడవు 2కు తగ్గించాక 'ఇక', 'తన', 'గల' లాంటివి కూడా ఇండెక్స్‌లోకి వస్తాయి. 'మరియు', 'కూడా', 'కానీ'తో పాటు వీటినీ స్టాప్‌వర్డ్స్‌లో చేర్చితే ఇండెక్స్ తేలికవుతుంది.

లాగ్ చూస్తే పాఠకుడి మనసు తెలుస్తుంది

యూజర్ సెర్చెస్ పేజీలో ఎవరూ సరిగ్గా పట్టించుకోని లిస్ట్ ఒకటుంది. వెతికినా ఏమీ దొరకని మాటల జాబితా అది. వారానికోసారి చూడండి. వార్త ఉండి కూడా దొరకని మాట కనిపిస్తే సినోనిమ్ చేర్చాలి. అసలు వార్తే లేకపోతే డెస్క్‌కు చెప్పాలి. పాఠకులు అడుగుతున్నా సైట్ రాయని వార్త అది. లాగ్‌లో ఐపీ అడ్రస్‌లు సేవ్ చేసే ఆప్షన్ మాత్రం అవసరం లేకపోతే ఆన్ చేయకండి.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

* మార్పులు చేసే ముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోవాలి.
* ఇండెక్స్‌కు చాలా స్థలం కావాలి. పోస్టుల టేబుల్ సైజుకు దాదాపు మూడు రెట్లు ఉండొచ్చు. చిన్న హోస్టింగ్ ప్లాన్ అయితే ముందే చూసుకోండి.
* ఇండెక్స్‌ను ట్రాఫిక్ తక్కువగా ఉండే వేళలో, రాత్రిపూట కట్టడం మంచిది.
* ఒకేసారి నాలుగు సెట్టింగ్స్ మార్చొద్దు. ఒకటి మార్చి, తెలిసిన పది మాటలతో వెతికి చూసి, తర్వాతే రెండోది మార్చాలి.
* ఆ పది మాటల్లో ఒక ఊరి పేరు, ఒక పథకం పేరు, 'ధర' లాంటి చిన్న మాట, రెండు స్పెల్లింగ్‌లున్న మాట తప్పకుండా ఉండాలి. టెస్ట్ కంప్యూటర్‌లోనే కాకుండా మామూలు ఫోన్ కీబోర్డ్‌తో కూడా చేయాలి. ఎక్కువ మంది పాఠకులు వెతికేది అక్కడి నుంచే.