అమరావతి శిలలు, మద్రాసు కెమెరా

కృష్ణ ఒడ్డునున్న అమరావతిలో 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పఫలకాలు మద్రాసు చేరాయి. ఇక ఛాయాచిత్రకళ సంగతి చూస్తే, అదే ఏడాది ఫ్రెంచి ఖనిజశాస్త్రజ్ఞుడు దె క్లోయిజో సుదూర ఐస్‌లాండ్ ద్వీపంలో డాగెరోటైపులు, అంటే వెండిపూత రేకు మీద ఒక్క ప్రతిగానే మిగిలే ఛాయాచిత్రాలు, తీశాడు. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లిన్నియస్ ట్రైప్ అందుకు భిన్నంగా, ఒకే మూలం నుండి అనేక ప్రతులు అచ్చువేయగల నెగటివు పద్ధతిని అవలంబించి, 1857 చివర కెమెరాను, రసాయనాలను ఎడ్లబండ్లకెత్తించి తమిళదేశపు ఆలయాలకు బయలుదేరాడు. 1858లో మద్రాసు మ్యూజియంలో ఆయన చిత్రించిన అమరావతి ఫలకాలలో చాలావాటిని మరుసటి ఏడాదే లండన్‌కు ఓడెక్కించారు గనుక ఆ ఛాయాచిత్రాల విలువ అపారం. అయితే 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఛాయాచిత్రణను విలాస వ్యయంగా భావించి ఆ శాఖను మూయించడం వల్ల, ఆ కెమెరా తెలుగు జిల్లాల దాకా రానేలేదు. ఆ పొదుపు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఆ తెలుగు జిల్లాల్లోని భట్టిప్రోలు స్తూపం ఇటుకలు, రాళ్లు రోడ్లకూ వెల్లటూరు కాలువ తూముకూ తరలిపోయాక, 1892లో గాని అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపి ధాతుపేటికలను, అంటే అస్థి అవశేషాలను భద్రపరచిన కరండాలను, వెలికితీయలేదు.