ఎండ, నీడ, చర్మం: సూరత్ నుంచి ఒక చరిత్ర పాఠం

వేసవి మధ్యాహ్నం కాలేజీలు వదిలే వేళ సూరత్ రోడ్ల మీద ఒక దృశ్యం కనబడుతుంది. స్కూటర్ల మీద వెళ్ళే విద్యార్థినులు తల, ముఖం, మెడ కప్పి, కళ్ళు మాత్రమే బయటికి కనబడేలా ఓణీ చుట్టుకుంటారు. ముఖానికి ఇలా గుడ్డ కట్టుకోవడాన్ని గుజరాతీలో 'బుకానీ' అంటారు. ఎందుకని అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు మూడు: దుమ్ము, వేడి, నల్లబడతామన్న భయం. చర్మ కాన్సర్ మాట అరుదుగా వస్తుంది. అలవాటు ఉండీ అవగాహన ఎందుకు లేదో ఈ ప్రసంగంలో చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

సూరత్ కర్కాటక రేఖకు దక్షిణంగా, 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు, మే నెలాఖరులోనూ జులై మధ్యలోనూ, మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఇలాంటి చోట నీడ విలువ శాస్త్రజ్ఞులు చెప్పకముందే జనానికి తెలుసు. గుజరాతీల పాఘడీ, మన తలపాగా, తుండుగుడ్డ ఆ అనుభవం నుంచి వచ్చినవే. తెలంగాణ నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్ళి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన పద్మశాలీలకూ ఆ అనుభవం కొత్తది కాదు.

ఎండకు భయపడినవారు ఐరోపావారు. ఇంగ్లండు రాయబారి థామస్ రో 1615లో దిగింది సూరత్ రేవులోనే. తరువాతి కాలంలో బెండుతో చేసిన సోలా టోపీ దొరల గుర్తుగా మారింది. ఉష్ణమండలపు వెలుగు పుర్రెను దాటి మెదడును దెబ్బతీస్తుందని, ఎరుపు రంగు బట్ట దాన్ని ఆపుతుందని 20వ శతాబ్ది ఆరంభంలో చాలామంది వైద్యులు నమ్మారు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం కొందరు సైనికులకు నారింజ-ఎరుపు లోదుస్తులు తొడిగి పరీక్షించింది. ప్రయోజనం కనబడలేదు. భయం నిజమే కాని, కారణం తప్పు.

అసలు కారణం వేరే దారిలో బయటపడింది. 1801లో జర్మన్ శాస్త్రవేత్త రిట్టర్ కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను కనుగొన్నాడు. 1894లో హాంబర్గ్ వైద్యుడు ఉన్నా, ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసిన నావికుల చర్మంలో వచ్చే మార్పులను వర్ణించాడు. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లోని బోర్డోలో దుబ్రే ద్రాక్షతోటల కూలీలలో ఇలాంటి మార్పులనే గమనించాడు. 1928లో ఫిండ్లే అతినీలలోహిత కిరణాలతో ఎలుకల చర్మంపై కాన్సర్ కలిగించి చూపాడు. 1981లో ఆస్ట్రేలియాలో చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అంటూ ప్రచారం మొదలైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ పరిశీలనలన్నీ ప్రధానంగా తెల్లని చర్మం మీద జరిగాయి. మన చర్మంలోని మెలనిన్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది కనుక ఎండవల్ల వచ్చే కాన్సర్ మనలో తక్కువ. మన దేశ వైద్య చరిత్రలో కనబడే చర్మ కాన్సర్ల కారణాలే వేరు. కశ్మీరులో చలికి ఒంటికి ఆనించుకునే కాంగ్రీ నిప్పుకుంపటి వల్ల వచ్చే కాన్సర్‌ను వైద్యుడు ఎల్మ్‌స్లీ 1866లో నమోదు చేశాడు. నడుము దగ్గర బిగించిన ధోవతి ఏళ్ళ తరబడి ఒరుసుకున్నచోట వచ్చేదాన్ని ధోవతి కాన్సర్ అన్నారు. పాత కాలిన మచ్చల్లో, ఆర్సెనిక్ కలిసిన నీరు తాగేవారిలో కూడా ఈ వ్యాధి వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన మెలనోమా మనవంటి చర్మం గలవారిలో తరచు ఎండ తగలని చోట, అరికాలిలో, అరచేతిలో, గోరు కింద పుడుతుంది. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే 1981లో 36 ఏళ్ళకు మరణించాడు. అరికాలి మచ్చను ముల్లు గుచ్చిన గాయమనో, ఆనెకాయ అనో, షుగరు పుండు అనో ఊరుకుంటే విలువైన నెలలు గడిచిపోతాయి. బుకానీ ఎంత బిగించి కట్టినా ఈ మచ్చను ఆపలేదు.

మరి మన దృష్టి ముఖం మీదే ఎందుకు నిలిచింది? 1975లో మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' వంటి క్రీముల ప్రకటనలు దశాబ్దాలపాటు చర్మం అంటే రంగు అనే నేర్పాయి. 2020లో ఆ పేరులోంచి 'ఫెయిర్' తొలగింది. ఆ అలవాటు తొలగడానికి ఇంకా సమయం పడుతుంది.

అంటే బుకానీ వృథా అని కాదు. చర్మం కమలకుండా, ముందుగానే ముడతలు పడకుండా అది కాపాడుతుంది. ఏ బట్ట ఎంత అతినీలలోహితాన్ని ఆపుతుందో కొలిచే ప్రమాణాన్ని 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రూపొందించాయి. దాని వెనుక సూత్రం మగ్గం తెలిసినవారికి సులభమే: నేత చిక్కనైన కొద్దీ రక్షణ ఎక్కువ. సూరత్‌లో విరివిగా తయారయ్యే పాలిస్టరు, పలుచని తెల్ల నూలుకంటే ఈ కిరణాలను బాగా ఆపుతుంది, అయితే చెమటకు సుఖం తక్కువ.

కాబట్టి అలవాటును వదలనక్కరలేదు, దానికి అవగాహన చేర్చాలి. నెలకొకసారి స్నానం చేశాక అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళు చూసుకోండి. పెరుగుతున్న నల్లమచ్చ, వెడల్పవుతున్న గోటి చార, మానని పుండు కనబడితే చర్మ వైద్యుడికి చూపించండి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల పాదాలు కూడా చూడండి. వాళ్ళు తమంతట తాము వంగి చూసుకోలేరు.