డోడో ఎముకలు ఎవరి కాళ్ళకి తగిలాయి?

మా ఆఫీసులో ఓ పాత సిస్టమ్ ఉంది. దాని జోలికి ఎవరూ వెళ్ళరు. మొన్న లంచ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "అదో డోడో అండీ" అన్నాడు. అందరం నవ్వేశాం. సీట్లోకొచ్చి కూర్చున్నాక అనుమానం వచ్చింది, అసలు డోడో గురించి నాకేం తెలుసని? ఎగరలేని మొద్దు పక్షి, మనుషులు తినేశారు... అంతేగా! చదవడం మొదలుపెడితే కథ అంత చిన్నదేం కాదని తెలిసింది.

డోడో మారిషస్ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని పక్షి. సుమారు మూడడుగుల ఎత్తు, పది కేజీల పైనే బరువు. నమ్ముతారో లేదో, ఇది పావురాల కుటుంబం! 2002లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ప్రకారం, బతికున్నవాటిలో దీనికి దగ్గరి చుట్టం నికోబార్ పావురం. ఆ దీవిలో డోడోని వేటాడే జంతువు లేదు, తిండి నేలమీదే దొరికేది. ఇక రెక్కలతో పనేముంది? దాన్ని మొద్దు అనడం అన్యాయం. ఉన్న రిక్వైర్‌మెంట్‌కి సరిగ్గా సరిపోయిన డిజైన్ అది.

1598లో డచ్ నావికులు దిగారు. రిక్వైర్‌మెంట్ మారిపోయింది. వాళ్ళు చంపి తిన్నవి కొన్నైతే, ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీది గుడ్లనీ పిల్లలనీ వదల్లేదు. డోడో కనబడిందనడానికి ఎక్కువమంది ఒప్పుకునే చివరి సాక్ష్యం 1662 నాటిది. అంటే 64 ఏళ్ళు, ఒక మనిషి జీవితకాలం.

విచిత్రమేంటంటే, అది పోయిందని అప్పట్లో ఎవరూ గమనించలేదు. ఒక జాతి మొత్తం అంతరించిపోవచ్చన్న ఆలోచనే అప్పటికి లేదు మరి. తర్వాత్తర్వాత అసలు అలాంటి పక్షి ఉండేదా అని కూడా కొందరు అనుమానించారు. మిగిలినవి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక తల, ఇంకాసిని ముక్కలు, కొన్ని బొమ్మలు. ఆ బొమ్మల్లో బాగా నమ్మదగ్గది మన దేశంలో వేసిందే. మొగలు చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వేశాడంటారు. 1628 ప్రాంతంలో సూరత్‌లో రెండు డోడోలని చూశానని పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు రాసుకున్నాడు కూడా.

మళ్ళీ డోడో దొరికింది 1865లో. మారిషస్‌లో జార్జ్ క్లార్క్ అనే స్కూలు మాస్టారు చాలా ఏళ్ళుగా దాని ఎముకలకోసం వెతుకుతున్నాడు. చివరికి మార్ ఓ సోంజ్ అనే బురద మడుగులోకి కూలీలని దింపాడు. మూడడుగుల నీళ్ళలో, చెప్పుల్లేని కాళ్ళతో, అడుగున తడుముతూ ఎముకలు వెతకడం వాళ్ళ పని. అలా దొరికినవి లండన్ చేరాయి. 1866లో రిచర్డ్ ఓవెన్ వాటిని వర్ణిస్తూ పుస్తకం వేశాడు.

క్లార్క్ పేరుంది, ఓవెన్ పేరుంది. బురదలో దిగినవాళ్ళ పేర్లు నాకెక్కడా కనబడలేదు. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల పనికి మన దేశం నుంచి లక్షల మందిని ఆ దీవికి తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో అక్కడ కూలీ అంటే దాదాపుగా భారతీయుడే. మన కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు.

పక్షి పోయినప్పుడు ఎవరూ రాసిపెట్టుకోలేదు. దాన్ని బయటికి తీసినవాళ్ళనీ రాసిపెట్టుకోలేదు. రెండోదాన్ని తల్చుకుంటే నాకు ఇంకాస్త ఎక్కువ బాధేసింది.

మర్నాడు ఆ పాత సిస్టమ్ కోడ్ తెరిచి చూశాను. కామెంట్లలో రెండు పొడి అక్షరాలున్నాయి. ఎవరో కనుక్కోవాలి.