లొంగుబాటు పత్రం రాసిన ఆదివాసీ



మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేసిన అక్కడి మంచి మనుషులకు అంకితమిచ్చారు. ఆ బానిసత్వాన్ని కూల్చిన యుద్ధంలో ముగింపు కాగితం రాసింది ఒక ఆదివాసీ. పేరు ఈలీ పార్కర్. ఈ భాగం ఆయన గురించి.

1828లో న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండాలో, సెనెకా జాతిలో పుట్టారు. ఆయనకు పదేళ్లప్పుడు, 1838లో, ఒక ఒప్పందం చేసి సెనెకాల భూములన్నీ ఒక కంపెనీకి అమ్మినట్టు రాశారు. టొనవాండా పెద్దలు ఒప్పుకోలేదు. ఇంగ్లీషు వచ్చిన పార్కర్ ఇంకా మీసాలు రాని వయసులోనే వాళ్లకు దుబాసీ అయి వాషింగ్టన్ దాకా తిరిగారు. లా చదివారు. పౌరుడివి కాదు కాబట్టి వకీలువి కాలేవన్నారు. ఇంజనీరు అయ్యారు. 1851లో జాతి పెద్దగా ఎన్నుకున్నారు. 1857లో సుప్రీంకోర్టు టొనవాండా వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడు కొత్త ఒప్పందంతో ఏడున్నర వేల ఎకరాలకు పైగా తిరిగి కొనుక్కున్నారు. తమను పడమటికి తరిమేయడానికి సర్కారు పక్కన పెట్టిన డబ్బుతోనే కొన్నారు!

యుద్ధమొచ్చింది. సైన్యంలో చేరతానంటే, ఇది తెల్లవాళ్లు తేల్చుకునే గొడవ అని మంత్రి సీవార్డ్ తిప్పి పంపాడు. చివరికి పాత స్నేహితుడు జనరల్ గ్రాంట్ దగ్గర 1863లో కెప్టెన్ అయ్యారు. 1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో జనరల్ లీ లొంగిపోయినప్పుడు, షరతులు సిరాతో సాపు రాయాల్సిన తెల్ల అధికారికి చెయ్యి వణికింది. కలం పార్కర్ చేతికొచ్చింది. దేశాన్ని ఒకటి చేసిన కాగితం రాసిన మనిషి ఆ దేశ పౌరుడు కాదు. ఆదివాసీలందరికీ పౌరసత్వం 1924లో గానీ రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు, ఎస్సైకి చదివే మన పిల్లలు నాతో అంటుంటారు: "అన్నా, ఒక్క పోస్ట్ కొడితే చాలు." పార్కర్ కథలో తర్వాతి భాగం వాళ్లకోసమే.

1869లో గ్రాంట్ ఆయన్ని ఇండియన్ వ్యవహారాల కమిషనర్ చేశాడు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి ఆదివాసీ ఆయనే. ఒప్పందంతో తన ఊరిని కాపాడిన మనిషే, ఇక తెగలతో ఒప్పందాలు వద్దని అక్కడి నుంచి రాశారు. 1871లో అమెరికా వాటిని ఆపేసింది. అదే ఏడు, అవినీతి ఆరోపణల్లో మోసం లేదని తేలినా, అధికారాలు కత్తిరించడంతో రాజీనామా చేశారు. చివరికి న్యూయార్క్ పోలీసు శాఖలో గుమాస్తాగా మిగిలి, 1895లో చనిపోయారు.

నాకు అర్థమైంది ఇదీ. జాతి వెనక నిలబడ్డప్పుడు ఆయన కలం భూమిని గెలిచింది. ఒంటరిగా కుర్చీలో ఉన్నప్పుడు అదే కలం సర్కారు మాట రాసింది. పోస్ట్ కొట్టండి, తప్పకుండా కొట్టండి. కానీ ఎల్బీనగర్ దాటితే హయత్‌నగర్ దాకా ఒకప్పటి చేలన్నీ ప్లాట్లే. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977 నుంచే చట్టముంది. ఈసారి ఊరికి పోయినప్పుడు మీ వాడకట్టు పెద్దలతో కూర్చుని పాత పహాణీలు చదవండి. ఎవరి పేరు ఎప్పుడు పోయిందో రాసుకోండి.

జై భీమ్.