రొంటిన హాలీ, కండువాలో కల్దార్

మా తాతయ్యకు విదేశమంటే జగ్గయ్యపేట. కోదాడ నుంచి తెల్లవారుజామున బండి కడితే మధ్యాహ్నం భోజనాల వేళకు చేరే ఊరు. మాటా తిండీ ఒకటే, పెళ్లి సంబంధాలూ కలిసేవి. రూపాయి మాత్రం వేరు. ఇవతల నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, అవతల కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు వాళ్ల కల్దార్. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. తాతయ్య మిరపకాయల బస్తాలు వేసుకుని పోయేవాడు. కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టడానికి హాలీ కావాలి, అవతల బండి చక్రం విరిగితే వడ్రంగికివ్వడానికి కల్దార్ కావాలి. అందుకని హాలీ రొంటిన దోపుకునేవాడు, కల్దార్లు కండువా కొసన ముడేసుకునేవాడు. "రెండూ ఒక్కకాడ పెడితే ఒక్క దొంగ చాలు బిడ్డా" అనేవాడు నాతో.

పోలీసు చర్య తర్వాత కొన్నేళ్లపాటు రెండు నాణేలూ నడిచాయి. 1959లో హాలీ చెల్లుబాటు పూర్తిగా ముగిసింది. నేను పుట్టింది ఆ ఏడే. అదే 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. అప్పటిదాకా కువైట్, బహ్రెయిన్, ఖతార్ బజార్లలో మన రూపాయే చెల్లేది. అక్కణ్ణుంచి బంగారం దొంగతనంగా బొంబాయికి వచ్చేది, దానికి చెల్లించిన రూపాయలు మళ్లీ అక్కడికి చేరి, మన విదేశీ మారకపు నిల్వను కరిగించేవి. దాన్ని ఆపడానికే గల్ఫ్ నోటు. అది ఇక్కడ చెల్లేది కాదు. హజ్ యాత్రికులకు కూడా ఆ ఏడే వేరే నోట్లు తెచ్చారు. 1961లో కువైట్ సొంత డబ్బు తెచ్చుకుంది, 1965లో బహ్రెయిన్, ఆ మరుసటి ఏడు ఖతార్. దాంతో రూపాయి జేబులో వేసుకుని సముద్రం దాటే రోజులు దాదాపు పోయాయి.

మా చిన్న మేనమామ 1969లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాడు. రిజర్వు బ్యాంకు పీ ఫారం మీద ఆమోదముద్ర వేస్తే తప్ప విమానం టికెట్ ఇచ్చేవారు కాదు. చేతికిచ్చింది ఎనిమిది డాలర్లు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక డాలరు ఏడున్నర రూపాయలు, అంటే అరవై రూపాయల డబ్బుతో భూమికి అవతలి వైపు. డబ్బు లేక కాదు, తాతయ్య మిరప తోట మీద అప్పు తెచ్చి మరీ సిద్ధంగా ఉంచాడు. ఆ రూపాయల్ని డాలర్లుగా మార్చుకునే హక్కు మాకు లేదు, దేశం దగ్గర డాలర్లు లేవు. లండన్‌లో విమానం మారడానికి తొమ్మిది గంటలు కూర్చోవలసి వచ్చిందట. డాలరు మారిస్తే ఏడే మిగులుతాయని కాఫీ కూడా తాగలేదు మామయ్య. ఆ తరం వాళ్లు ఎనిమిది డాలర్ల మాట గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది వింటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లవాడు ఆకలితో విమానాశ్రయం బల్ల మీద కూర్చున్న తొమ్మిది గంటలే కనబడతాయి.

నేను 1982లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. ఆఫీసరునయ్యాక 1991 నుంచి హైదరాబాదులో ఫారెక్స్ కౌంటర్ చూశాను. నేను కౌంటర్ ఎక్కిన ఏడే దేశం బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టింది. జూలై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. ఒక్కో డాలరూ లెక్కపెట్టి ఇవ్వాలని మా మీద ఎంత ఒత్తిడి ఉండేదో! 1973 నాటి ఫెరా, అంటే విదేశీ మారకపు నియంత్రణ చట్టం, ఇంకా అమల్లో ఉంది. కాగితం తప్పితే అది పొరపాటు కాదు, నేరం. పాస్‌పోర్టు వెనక పేజీలో ఎంత ఇచ్చామో రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టేవాళ్లం. ఒకరి పాస్‌పోర్టు తిప్పితే వాళ్లు దేశం డాలర్లు ఎన్ని వాడుకున్నారో చరిత్రంతా తెలిసిపోయేది.

నోట్లు కొద్దిగా ఇచ్చి, మిగతాది టీసీలుగా ఇచ్చేవాళ్లం. టీసీ అంటే ట్రావెలర్స్ చెక్కు. దాని పుట్టుక నాకు ఇష్టమైన కథ. 1890 ప్రాంతంలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అధ్యక్షుడు జె.సి. ఫార్గో యూరప్ వెళ్లాడు. చేతిలో లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంది. పెద్ద నగరాలు దాటగానే అది ఉత్త కాగితం, ఎవరూ డబ్బివ్వలేదు. అంత పెద్ద కంపెనీ అధ్యక్షుడికే ఈ గతి పడితే మామూలు ప్రయాణికుడి మాటేమిటని, తిరిగొచ్చాక తన ఉద్యోగి మార్సెలస్ బెర్రీకి పని అప్పగించాడు. 1891లో టీసీ వచ్చింది. అంతకు ముందే 1874లో థామస్ కుక్ కంపెనీ సర్క్యులర్ నోటు అని ఇలాంటిదే నడిపింది. బెర్రీ ఉపాయం రెండు సంతకాలు. కొనేటప్పుడు బ్యాంకు వాళ్ల ఎదుట పైన ఒకటి, ఖర్చుపెట్టేటప్పుడు దుకాణదారు ఎదుట కింద ఒకటి. రెండూ కలిస్తే డబ్బు, కలవకపోతే కాగితం. పోతే నంబర్లు చెప్పి మళ్లీ తెచ్చుకోవచ్చు. ఊరు తెలియని చోట, మొహం తెలియని మనిషి దగ్గర, మన చేతిరాతే మనకు జామీను. ఇంతకంటే మర్యాదైన డబ్బును నేను చూడలేదు.

1994 అనుకుంటాను, భీమవరం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటింది. నేత చీర, చేతిసంచిలో పాస్‌పోర్టు. కూతురి పురుడుకు న్యూజెర్సీ వెళుతోంది. వెంట వచ్చిన అల్లుడి తమ్ముడు అయిదు వందల డాలర్లకు టీసీలు, అన్నీ ఇరవైలే కావాలన్నాడు. పెద్దవి మార్చుకోవడం ఆవిడకు కష్టమని. అంటే ఇరవై అయిదు ఆకులు, ఇరవై అయిదు సంతకాలు. పుస్తకం ముందు పెట్టగానే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. తెలుగులో పెడితే ఆ దేశం వాళ్లు ఒప్పుకుంటారా?"

పాస్‌పోర్టు తెరిచి చూశాను. సంతకం తెలుగులోనే ఉంది. రెండు పొల్లులు, ఒక వత్తు, చివర గీత. "ఇందులో ఎలా ఉందో ఇక్కడా అలాగే పెట్టండమ్మా. వాళ్లు చదవక్కర్లేదు, పోల్చుకుంటే చాలు" అన్నాను. పక్క కౌంటర్ ఆయన అనుమానపడ్డాడు, ఎందుకైనా మంచిది, అన్నీ నోట్లే ఇచ్చేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒంటరిగా రెండు విమానాలు మారే మనిషి ఒంటి మీద అయిదు వందల డాలర్లు నోట్లుగా పెట్టి పంపడమేమిటి? ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని గంటన్నర సేపు పెట్టింది ఇరవై అయిదు సంతకాలు. మధ్యలో ఒకసారి వేళ్లు విరుచుకుంది, మంచినీళ్లు తాగింది. ఒక్క అక్షరం తేడా రాలేదు.

ఆరు నెలలకు తిరిగొచ్చి మూడు ఆకులు వెనక్కిచ్చింది. అక్కడి దుకాణంలో పిల్ల ఆ అక్షరాల్ని వేలితో తడిమి, పైదీ కిందదీ పోల్చి, నవ్వి సరుకిచ్చిందట. "నా సంతకం చూసి డబ్బులిచ్చారమ్మా" అని రెండుసార్లు చెప్పింది. మిగిలిన మూడింటి మీదా నా ఎదుటే కింది సంతకం పెట్టింది.

కార్డు అప్పటికే లోకంలో ఉంది. 1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా డైనర్స్ క్లబ్ మొదలుపెట్టాడు. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్లో జనానికి కార్డులు పంచింది, అదే 1976లో వీసా అయింది. మన దేశంలో 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో కార్డు తెచ్చిన మొదటి వాళ్లలో ఉండటం తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన విషయం. అయితే ఆ కాలపు కార్డులు ఇండియా, నేపాల్ దాటితే పనిచేసేవి కావు. మా కౌంటర్‌కు వచ్చేవాళ్లకు అవి విదేశీ డబ్బు కాదు, హోటల్లో కార్బన్ కాగితం మీద రుద్దే ముక్క, అంతే.

విదేశీ డబ్బు చుట్టూ ఉన్న గోడ నెమ్మదిగా కూలింది. 2000 జూన్ 1న ఫెరా పోయి ఫెమా చట్టం వచ్చింది. 2004లో ఏడాదికి 25,000 డాలర్ల దాకా కారణం పెద్దగా అడగకుండా పంపుకోనిచ్చారు. 2015కు ఆ పరిమితి 2,50,000 అయింది. ఎనిమిది ఎక్కడ, రెండున్నర లక్షలెక్కడ! అమీర్‌పేట నుంచి విమానమెక్కిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ముందు టీసీలు కొన్నారు, తర్వాత డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డులు కొన్నారు. టీసీల బీరువా ఖాళీ అయింది.

2008లో నేనే మొదటిసారి దేశం దాటాను, జర్మనీలో మా అమ్మాయి దగ్గరికి. ఇన్నేళ్లు ఊరందరికీ సలహా చెప్పినదాన్ని గనక, కార్డుతోపాటు వంద యూరోలు నోట్లుగా లోపలి జేబులో కుట్టుకున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలు టికెట్ యంత్రం నా కార్డును మూడుసార్లు వెనక్కి ఉమ్మింది. అనుమానమొచ్చి ఇక్కడి బ్యాంకే ఆపేసిందని రెండు రోజుల తర్వాత తెలిసింది. అక్కడ నేనెవరో చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేడు, చూపించడానికి సంతకం లేదు. టికెట్ కొన్నది యాభై యూరోల నోటుతో. అమ్మాయి వాళ్ల వీధి చివర రొట్టెల దుకాణమూ నోట్లే తీసుకునేది.

ఇప్పుడు మా మనవరాలు స్టాక్‌హోం వెళుతోంది, చదువుకు. అక్కడ సిటీ బస్సులో నోటిస్తే తీసుకోరు. యూరప్‌లో మొట్టమొదట బ్యాంకు నోటు అచ్చువేసింది ఆ ఊరే, 1661లో. నోటు పుట్టిన ఊళ్లోనే నోటుకు చోటు తగ్గింది. అందుకని "కార్డు చాలు కదా అమ్మమ్మా" అంది పిల్ల. చాలదని చెప్పాను. కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి, వేర్వేరు సంచుల్లో. 2020లో తెచ్చిన నియమం ప్రకారం కొత్త కార్డు విదేశంలో పనిచేయాలంటే మనమే ఆన్ చేసుకోవాలి, పిల్ల ఇక్కడుండగానే దగ్గర కూర్చుని చేయించాను. రూపాయల్లో కడతారా, ఆ దేశపు డబ్బులోనా అని యంత్రం అడిగితే ఆ దేశపు డబ్బులోనే అని నొక్కమన్నాను. రూపాయల్లో అంటే ఆ దుకాణం వాళ్ల మారకపు రేటు మన నెత్తిన పడుతుంది. ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్లుగా కొనుక్కోవచ్చు, అంత అక్కర్లేదు. వారం తిండికీ, రాత్రి పడకకూ, టాక్సీకీ సరిపడా చాలు. అవి చున్నీ మడతలో కుట్టి ఇచ్చాను.

కార్డు ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను. వెనకటి కార్డులకు తెల్ల పట్టీ ఉండేది, సంతకం పెట్టుకోవడానికి. దీనికి లేదు. అంకెలు, ఒక నల్ల గీత, కస్టమర్ కేర్ నంబరు.

"ఏం వెతుకుతున్నావ్ అమ్మమ్మా?" అంది.

భీమవరం ఆవిడ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై అయిదు సంతకాల దాకా వచ్చేసరికి పిల్ల ఫోను పక్కన పెట్టింది.